పంది లివర్ వేపుడు చేసే ముందు

బెంగళూరులో కూర్గ్ పంది కూర తిని, ఇంట్లో లివర్ వేపుడు కూడా చేద్దామనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

• పంది కాలేయంలో హెపటైటిస్ ఇ (మన లివర్‌కి వాపు, కామెర్లు తెచ్చే జబ్బు) వైరస్ ఉండొచ్చు. చూస్తే తెలియదు, వాసనకీ తెలియదు. ఫ్రిజ్‌లో పెడితే చావదు. హెపటైటిస్ బి టీకా దీనికి పనిచేయదు.

• ముక్కలు చిన్నగా కోయండి. పైన నల్లగా వేగినా, విరిచి చూస్తే మధ్యలో గులాబీ రంగు ఉంటే ఉడకనట్టే. లోపల 71 డిగ్రీల వేడి 20 నిమిషాలు ఉంటే వైరస్ పూర్తిగా పోతుంది. అందుకే ముందు కుక్కర్, తర్వాతే బాణలి. కాస్త గట్టిపడుతుంది, పడనివ్వండి.

• కొత్తిమీర, ఉల్లిపాయలు లివర్ కోయకముందే తరిగేసుకోండి, పచ్చి లివర్ తగిలిన కత్తి వాటికి తగలకూడదు.

• ఉప్పు చూడటానికి సగం ఉడికిన ముక్క నోట్లో వేసుకోవద్దు. గర్భిణులు, లివర్ జబ్బున్నవాళ్లు అసలు తినకపోవడమే మేలు.

• మన దేశంలో హెపటైటిస్ ఇ ఎక్కువగా కలుషిత నీటితోనే వస్తుంది. ట్యాంకర్ నీళ్లయితే కాచుకునే తాగండి.