పచ్చళ్ళ ఆర్డర్లకు గేట్‌వే కమిషన్ ఇలా తగ్గింది

కస్టమర్ ఆన్‌లైన్‌లో కట్టే డబ్బు తీసుకుని మాకు పంపే పేమెంట్ గేట్‌వే ద్వారా 500 కడితే, మా ఖాతాలో 488.20 పడేది. కమిషన్ 2 శాతం, అంటే 10 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ 1.80. గేట్‌వే మార్చి చూశాం, రేటు బేరమాడాం, లాభం లేకపోయింది.

పనిచేసింది ఇదీ. ముందు గేట్‌వే ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టు (ఏ చెల్లింపుకు ఎంత కోసి మాకు పంపిందో చూపేది) తీసి, ఎవరు దేంతో కట్టారో విడదీశాను. ఎక్కువ భాగం యూపీఐనే! బ్యాంకు ఖాతా నుంచి కట్టే యూపీఐకి 2020 జనవరి నుంచి ఎండీఆర్ (చెల్లింపు తీసుకున్నందుకు వ్యాపారి కట్టే రుసుము) లేదు; ఈ కమిషన్ గేట్‌వే తన సేవకు తీసుకుంటోంది. తర్వాత మా కరెంట్ అకౌంట్ ఉన్న బ్యాంకులోనే మర్చంట్ క్యూఆర్ తీసుకున్నాను. ఇప్పుడు వాట్సాప్ మెసేజ్‌లో ముందు ఆ క్యూఆర్, దాని కింద కార్డుల వాళ్ళకు మాత్రమే గేట్‌వే లింకు. స్క్రీన్‌షాట్ నమ్మం, బ్యాంకు యాప్‌లో డబ్బు కనిపించాకే పార్సిల్ కడతాం.

రోజుకు వందల ఆర్డర్లున్న వాళ్ళకు ఇలా చేత్తో సరిచూడటం కష్టం. వాళ్ళకు గేట్‌వేనే నయమేమో.