రెల్లు దడి కట్టే ముందు చూసుకోవలసినవి

రెల్లు బాగా ఎండిందా? ఒక కాడ విరిచి చూడండి, పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా పచ్చిగా ఉన్నట్టే. అలాగే కడితే ఎండేకొద్దీ ముడుచుకుని సందులు పడతాయి, బూజు కూడా పడుతుంది.

మోపులు విప్పే ముందు కర్రతో తట్టండి. తేళ్లు, పాములు వాటిలో చేరతాయి. రెల్లు ఆకు అంచు చర్మాన్ని కోసేస్తుంది కాబట్టి చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

అన్నిటికంటే పెద్ద శత్రువు చెద. దడి అడుగు మట్టిని తాకనే కూడదు. కింద ఒక వరుస ఇటుకలు పేర్చి, వాటిపై నిలబెట్టండి. గుంజల్లో భూమిలోకి వెళ్లే భాగానికి తారు పూసి ఆరనివ్వండి. మొక్కల పాదులు దడికి కనీసం మూరెడు దూరంలో ఉండాలి. రోజూ పోసే నీళ్లే అడుగును కుళ్లబెడతాయి, చెదను పిలుస్తాయి.

గాలివాన వచ్చే వైపు గుంజలు దగ్గర దగ్గరగా పాతండి. ఒత్తుగా అల్లిన దడి తెరచాపలా గాలిని పట్టేస్తుంది. కొబ్బరితాడు ముచ్చటగా ఉంటుంది గానీ వానకు చివికిపోతుంది. లోపల జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) బిగించి, అందం కోసం పైన తాడు చుట్టండి.

పొయ్యి దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఈ దడి వద్దే వద్దు. దీపావళి దగ్గరపడితే పండుగ దాటాకే కట్టండి; ఒక్క నిప్పురవ్వ చాలు.

సరిహద్దు మీద కడుతుంటే పక్కింటివారికి ముందే చెప్పండి. కొనలు వారి వైపు పొడుచుకు రాకుండా కత్తిరించండి.