అమెరికా మెడికల్ స్కూలుకు దరఖాస్తు – 3వ పాఠం: స్కూళ్ల జాబితా వడపోత

గత రెండు పాఠాల్లో ప్రీమెడ్ కోర్సులు (మెడికల్ స్కూలుకు ముందు చదవాల్సినవి), ఎంక్యాట్ (ప్రవేశ పరీక్ష) సంగతి చూశాం. ఈ పాఠంలో చేసేది ఒకే పని: ఏ స్కూళ్లకు దరఖాస్తు పెట్టాలో తేల్చుకోవడం. అమెరికా పౌరులకు ఇది ఒక వారాంతంలో తెమిలే పని. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం రెండు మూడు నెలలు పెట్టుకోవాలి. మార్కులు చూడకముందే మీ దరఖాస్తును పక్కన పెట్టేయగల కారణాలు మూడున్నాయి: పౌరసత్వం, చదివిన దేశం, డబ్బు. ర్యాంకింగులు ముందేసుకుని జాబితా రాసేవాళ్లు ఈ మూడింటి దగ్గరే దెబ్బతింటారు. కట్టిన ఫీజు మాత్రం తిరిగి రాదు. మీకు అర్హత ఉందో లేదో చూసుకోవాల్సింది మీరే, యామ్కాస్ (స్కూళ్లన్నిటికీ ఒకే ఫారం పంపించే ఉమ్మడి దరఖాస్తు సేవ) కాదు.

ముందు ఒక కాగితం మీద ఆరు గడులు గీయండి: స్కూలు, వీసా నిబంధన, క్రెడిట్ల (కాలేజీ కోర్సుల కొలత) నిబంధన, డబ్బు నిబంధన, మార్కుల మధ్యస్థం (చేరినవాళ్లలో సగం మంది దీనికి పైన, సగం మంది కింద), ఆధారం. ఆఖరి గడిలో ఆ సమాచారం ఎక్కడ, ఏ తేదీన చూశారో రాయాలి. ఇది చాదస్తంలా అనిపించవచ్చు. కానీ నిబంధనలు ఏటా మారతాయి. నిరుడు సీనియర్ చెప్పిన మాట ఈ ఏడు చెల్లకపోవచ్చు.

మొదటి జల్లెడ: వీసా

అమెరికాలో ఎం.డి. (అక్కడ ఇదే మొదటి వైద్య డిగ్రీ) ఇచ్చే స్కూళ్లు 150కి పైగా ఉన్నాయి. విదేశీ విద్యార్థుల దరఖాస్తులు తీసుకునేవి అందులో దాదాపు మూడో వంతే. ఏటా చేరే దాదాపు 23 వేల మంది విద్యార్థుల్లో విదేశీయులు రెండు శాతం కూడా ఉండరు. రాష్ట్ర ప్రభుత్వ స్కూళ్లలో ఎక్కువ భాగం ఈ దశలోనే పోతాయి. హార్వర్డ్, యేల్, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, కేస్ వెస్టర్న్ రిజర్వ్ లాంటి ప్రైవేటు స్కూళ్లే జాబితాలో ప్రధానంగా మిగులుతాయి.

ఇక్కడ తెలుగు కుటుంబాలు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఐదో తరగతి నుంచి చదివి, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద పెరిగి, 21 ఏళ్లు నిండాక ఎఫ్-1 (విద్యార్థి వీసా)కు మారిన పిల్లలు తాము స్థానికులమే అనుకుంటారు. మెడికల్ స్కూలు చూసేది ఎక్కడ పెరిగారని కాదు, గ్రీన్ కార్డు ఉందా లేదా అని. హెచ్-4 అయినా ఎఫ్-1 అయినా చాలా స్కూళ్ల లెక్కలో విదేశీ విద్యార్థే. నాన్నగారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) ఆమోదమైందన్న మాట ఇక్కడ పనికిరాదు. ఐ-485 (గ్రీన్ కార్డు ఆఖరి దరఖాస్తు) పెండింగులో ఉన్నవాళ్లు, కార్డు ఏ తేదీ నాటికి చేతిలో ఉండాలని స్కూలు అడుగుతుందో కనుక్కుని రెండో గడిలో రాసుకోవాలి. రాష్ట్ర నివాసం సంగతి వేరు, పౌరసత్వం సంగతి వేరు. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో కనీసం 90 శాతం సీట్లు ఆ రాష్ట్ర నివాసులకే. మీరు నివాసిగా గుర్తింపు పొందినా, ఆ స్కూలు మీ వీసాను ఒప్పుకుంటుందో లేదో మళ్లీ విడిగా చూడాలి. టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్లకు దరఖాస్తు యామ్కాస్ బదులు టీఎండీసాస్ అనే ఆ రాష్ట్ర సేవ ద్వారా వెళ్తుందనీ, దాని ఫారం, ఫీజు వేరనీ గుర్తుంచుకోండి.

సమాచారం కోసం మొదట వెళ్లాల్సింది ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) నడిపే ఎమ్సార్ అనే స్కూళ్ల వివరాల సైటు. ఏడాది చందా కట్టడం దండగ కాదు. అందులో "విదేశీ దరఖాస్తులు స్వీకరిస్తాం" అన్న వరుస చూసి సంతృప్తి పడకండి. నిరుడు ఎంతమంది విదేశీయులు చేరారో కూడా చూడండి. దరఖాస్తులు వందల్లో తీసుకుని, చేరినవాళ్లు సున్నా ఉన్న స్కూలును కొట్టేయడమే మంచిదని మా సలహా. ఇంకో చిక్కు: కెనడా విద్యార్థులు కూడా విదేశీయుల లెక్కలోనే వస్తారు. కెనడావాళ్లను మాత్రమే తీసుకునే స్కూళ్లూ ఉన్నాయి. అంకె ఆశాజనకంగా కనిపిస్తే, అందులో కెనడావాళ్లు కానివారు ఎందరని స్కూలును అడగాలి.

రెండో జల్లెడ: ఎక్కడ చదివారు

అమెరికాలో లేదా కెనడాలో బ్యాచిలర్స్ చేస్తున్నవాళ్లకు ఈ జల్లెడ సులువు. ఇండియాలో బీఎస్సీయో బీటెకో చేసి వచ్చినవాళ్లకు ఇదే అన్నిటికంటే కఠినం. ఉస్మానియా మార్కులైనా ఆంధ్రా యూనివర్సిటీ మార్కులైనా యామ్కాస్ తనిఖీ చేయదు, జీపీఏగా లెక్కకట్టదు. క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ (విదేశీ మార్కులను అమెరికా లెక్కలోకి మార్చే నివేదిక) చేయించి పంపినా ఈ పరిస్థితి మారదు. అందుకే విదేశీయులను తీసుకునే స్కూళ్లు కూడా చాలావరకు అమెరికా లేదా కెనడా కాలేజీలో కొంత చదువు ఉండాలంటాయి. కొన్నిటికి ఏడాది చాలు, కొన్నిటికి 90 సెమిస్టర్ క్రెడిట్లు, కొన్నిటికి పూర్తి డిగ్రీయే కావాలి. ఆ క్రెడిట్లలో ల్యాబుతో కూడిన బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఉండాలనేది మామూలు.

ఎం.ఎస్. మీద వచ్చినవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: గ్రాడ్యుయేట్ క్రెడిట్లతో ఆ నిబంధన తీరుతుందా, లేక అండర్‌గ్రాడ్యుయేట్ స్థాయిలోనే ఉండాలా? కొన్ని స్కూళ్లకు డేటా సైన్స్ ఎం.ఎస్.లో వచ్చిన 4.0 ఒక చక్కటి అలంకారమే, అర్హత కాదు. యామ్కాస్ విడిగా లెక్కకట్టే సైన్స్ జీపీఏలోకి వచ్చేవి బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం మాత్రమే. ఇంజినీరింగ్, కంప్యూటర్ కోర్సులు అందులోకి రావు. ఫెయిలై మళ్లీ రాసిన కోర్సుకు పాత గ్రేడు, కొత్త గ్రేడు రెండూ పడతాయి. మీ కాలేజీ పాత గ్రేడును చెరిపేసినా సరే.

ఎంబీబీఎస్ పూర్తిచేసినవాళ్లకు ఇది దారి కాదు. యూఎస్ఎంఎల్ఈ (అమెరికా డాక్టర్ల లైసెన్సు పరీక్ష) రాసి నేరుగా రెసిడెన్సీకి (ఆసుపత్రిలో స్పెషాలిటీ శిక్షణకు) వెళ్లే మార్గం వారికుంది. ఇక్కడ ఎం.డి.లో చేరితే మళ్లీ మొదటి సంవత్సరం నుంచే.

మూడో జల్లెడ: డబ్బు

ప్రైవేటు స్కూల్లో ట్యూషన్, వసతి, బీమా కలిపి ఏడాదికి 90 వేల నుంచి లక్ష డాలర్ల దాకా అవుతుంది. నాలుగేళ్లకు రూపాయల్లో మూడు కోట్లు దాటుతుంది. ఫెడరల్ రుణాలు విదేశీ విద్యార్థులకు లేవు. ప్రైవేటు బ్యాంకు రుణానికి సాధారణంగా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్నవాళ్లు పూచీకత్తు ఉండాలి.

ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం అవుతాయి. ఐ-20 (విద్యార్థి వీసాకు స్కూలు ఇచ్చే పత్రం) కోసం చూపించేది మొదటి సంవత్సరం ఖర్చుకు సరిపడా ఆధారం. బ్యాంకు స్టేట్‌మెంటు, రుణ మంజూరు లేఖ చాలు. ఎస్క్రో అంటే నిజంగా డబ్బు తీసి ప్రత్యేక ఖాతాలో వేయడం. కొన్ని స్కూళ్లు ఏడాదికి సరిపడా, కొన్ని ఏకంగా నాలుగేళ్లకు సరిపడా వేయమంటాయి. అది కూడా సీటు వచ్చాక, క్లాసులు మొదలవకముందే. పొలం విలువ, ఫ్లాటు విలువ చూపించే వాల్యుయేషన్ సర్టిఫికెట్ ఐ-20 దగ్గర కూడా సాధారణంగా చెల్లదు, ఎస్క్రో దగ్గర అసలే చెల్లదు. అమ్మాల్సిన ఆస్తి ఉంటే ఆ నిర్ణయం దరఖాస్తు ఏడాదే జరగాలి. ఇండియా నుంచి పంపే డబ్బుకు రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపే పథకం) పరిమితి మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. చదువు కోసం యూనివర్సిటీ ఇచ్చిన అంచనా ఉంటే అంతకు మించి కూడా పంపవచ్చు. కాబట్టి ఖర్చుల అంచనా లేఖ స్కూలు నుంచి తెప్పించుకుని మీ బ్యాంకులో ముందే మాట్లాడండి.

కొన్ని స్కూళ్లు సొంత నిధుల్లోంచి విదేశీయులకూ సాయం చేస్తాయి. నాలుగో గడిలో ఆ సంగతి రాయండి. ఎం.డి.-పీహెచ్.డి.లో ఉచితమని విని అటు ఉరకకండి. ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇచ్చే శిక్షణ గ్రాంటు పౌరులకు, గ్రీన్ కార్డు వాళ్లకే. విదేశీయుల ఖర్చును సొంత డబ్బుతో భరించే స్కూళ్లు కొన్నే. పైగా ఎనిమిదేళ్లు. పరిశోధన మీద నిజంగా మక్కువ లేనివాళ్లు ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాల్లోనే దొరికిపోతారు.

స్కూలుకు మెయిల్ రాయడం

ఎమ్సార్‌లో, స్కూలు వెబ్‌సైట్లో తేలని విషయాలకు జనవరి–మార్చి మధ్య మెయిల్ రాయండి. "నేను అర్హుడినా?" అని రాస్తే వెబ్‌సైట్ లింకు ఒకటి పంపి ఊరుకుంటారు. మీ వీసా, ఏ దేశంలో ఎన్ని క్రెడిట్లు చేశారు, ఒకే ఒక్క సూటి ప్రశ్న, ఇవి ఐదు వాక్యాల్లో రాయండి. ఉదాహరణకు: ఎఫ్-1 మీద ఉన్నాను, ఇండియాలో బీఎస్సీ, అమెరికా కాలేజీలో 45 అండర్‌గ్రాడ్యుయేట్ సైన్స్ క్రెడిట్లు పూర్తయ్యాయి, చేరే నాటికి 60 అవుతాయి, దీనితో మీ నిబంధన తీరుతుందా? జవాబు పీడీఎఫ్‌గా దాచండి. ఫోనులో వచ్చిన "యెస్" లెక్కలోకి రాదు.

మిగిలినవాటిలో ఎన్ని?

మూడు వడపోతలయ్యాక సాధారణంగా 15 నుంచి 25 స్కూళ్లు మిగులుతాయి. ఇప్పుడు మాత్రమే మార్కులు చూడండి. 2023లో చేరినవారి సగటు ఎంక్యాట్ 511.7, జీపీఏ 3.77. విదేశీయులను తీసుకునే స్కూళ్ల మధ్యస్థాలు చాలాచోట్ల దీనికంటే పైనే. పౌరులకు మధ్యస్థం గురి అయితే, మీకు అది కింది గీత. మీ స్కోరు ఆ స్కూలు మధ్యస్థానికి నాలుగైదు పాయింట్లు కింద ఉంటే దాన్ని తీసేయండి, పేరు ఎంత పెద్దదైనా.

ఖర్చు లెక్క: 2025 ప్రవేశాలకు యామ్కాస్ మొదటి స్కూలుకు 175 డాలర్లు, ఆపై ఒక్కో స్కూలుకు 46 తీసుకుంది. 20 స్కూళ్లకు 1,049. సెకండరీ ఫారాలకు (యామ్కాస్ తర్వాత స్కూలు విడిగా పంపేవి) ఒక్కో స్కూలు సుమారు వంద డాలర్ల చొప్పున అడుగుతుంది. కలిపితే మూడు వేలు. ఏఏఎంసీ ఫీజు రాయితీ పథకం మీకు వర్తిస్తుందో లేదో ముందే చూసుకోండి.

మే చివర్లోనో జూన్ మొదట్లోనో ఫారం పంపడం మొదలవుతుంది. అప్పటికి జాబితా పూర్తిగా తేలకపోతే కంగారు పడకండి. ఖాయమనుకున్న ఒక్క స్కూలుతో ఫారం సమర్పిస్తే మీ మార్కుల తనిఖీ వరుసలో చేరిపోతుంది. రద్దీలో ఈ తనిఖీకి ఆరు వారాలు పట్టవచ్చు. తర్వాత చేర్చే స్కూళ్లకు తనిఖీ మళ్లీ జరగదు.

అభ్యాసం: పది స్కూళ్లు ఎంచుకుని ఆరు గడులూ నింపండి. కనీసం మూడింటికి మెయిల్ రాయండి. ఆధారం గడి ఖాళీగా ఉన్న వరుస పూర్తయినట్టు కాదు. 4వ పాఠంలో యామ్కాస్ అడిగే 15 కార్యకలాపాలు, ఒక్కోదానికి 700 అక్షరాల పరిమితి, ఎఫ్-1 వాళ్లు ఆసుపత్రిలో ఏ పని చేయవచ్చు, దేనికి అనుమతి కావాలి అన్నవి చూద్దాం.