‘టచ్ అండ్ గో’ అంటే అలా వెళ్లి ఇలా రావడం కాదు

మా ఆఫీసులో ఒకతను చెల్లెలి వరసయ్యే అమ్మాయి పెళ్లికి శ్రీకాకుళం వెళ్తూ, లండన్‌లో ఉన్న మేనేజర్‌కి ‘కజిన్ వెడ్డింగ్, జస్ట్ టచ్ అండ్ గో’ అని మెసేజ్ పెట్టాడు. అలా మొహం చూపించి వచ్చేస్తానని అతని ఉద్దేశం. ఆయనేమో పెళ్లి పీటల మీద ఆగిపోయేలా ఉంది కాబోలనుకుని, అంతా బాగా జరగాలని కోరుకుంటున్నానంటూ పాపం జవాబిచ్చాడు.

ఇంగ్లీషువాళ్లు ఈ మాట అనేది పని అవుతుందో అవదో, మనిషి దక్కుతాడో లేదో తెలియక ప్రాణం ఊగిసలాడుతున్నప్పుడు. ఐసీయూ బయట డాక్టర్ ‘ఇట్స్ టచ్ అండ్ గో’ అన్నాడంటే, ఇప్పుడే చూసి వెళ్లిపోతానని కాదు, ఇంకా ఏమీ చెప్పలేమని.

నావికుల భాషలో టచ్ అండ్ గో అంటే ఓడ అడుగు నేలకి తగిలి, ఇరుక్కోకుండా జారి ముందుకు పోవడం. విశాఖవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎంవీ మా’ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది కదా, అది టచ్ అయింది గానీ గో అవలేదు! ఆ రెండింటికీ మధ్య ఉన్న ఆ క్షణం టెన్షనే ఈ మాట.

వాడేటప్పుడు ఎక్కువగా ‘ఇట్’తో మొదలుపెట్టండి. మధురవాడలో బయల్దేరి హనుమంతవాక ట్రాఫిక్‌లో ఇరుక్కుని, రత్నాచల్ రైలు కదలబోతుండగా ఎక్కారనుకోండి, ‘ఇట్ వజ్ టచ్ అండ్ గో’ అనొచ్చు. దొరుకుతుందో లేదో అన్న అనుమానం చెప్పాలంటే వెనక ‘వెదర్’ (whether) తగిలించి, ‘ఇట్ వజ్ టచ్ అండ్ గో వెదర్ వి వుడ్ క్యాచ్ ద ట్రెయిన్’ అనాలి. ‘ఐ యామ్ టచ్ అండ్ గో’ అని మాత్రం అనకండి, వినడానికే ఏదోలా ఉంటుంది. ‘సిట్యుయేషన్’ లాంటి మాట ముందు పెట్టి రాస్తే మూడు ముక్కల మధ్యా చిన్న గీతలు పెట్టాలి.

విమానాల దగ్గర ఇంకో అర్థం ఉంది. చక్రాలు రన్‌వేకి ఆనించి, ఆగకుండా మళ్లీ పైకి లేచిపోవడం, పైలట్లకి అదొక సాధన. మనవాళ్ల వాడకం బహుశా దీనికే దగ్గరేమో.

చుట్టపుచూపుగా వెళ్తున్నప్పుడు ‘ఫ్లయింగ్ విజిట్’ అనండి చాలు. మావాడు ఇప్పుడు అదే రాస్తున్నాడు, ఆర్టీసీ బస్సులో వెళ్తూ.