‘నార్మల్ పీపుల్’ మీద చర్చ పెడుతున్నారా? రెండు వర్గాల పాఠకులనీ ఒక్క చోట కూర్చోబెట్టే పద్ధతి

ఐర్లండ్ రచయిత్రి స్యాలీ రూనీ నవల ‘నార్మల్ పీపుల్’, ఒకే స్కూల్లో చదివిన కానెల్, మేరియాన్‌లు కలుస్తూ విడిపోతూ ఉండే కథ, 2018లో వచ్చింది. అదే ఏడాది బుకర్ లాంగ్‌లిస్టుకెక్కింది, కోస్టా నవలా పురస్కారం అందుకుంది. 2020లో పన్నెండు భాగాల టీవీ సీరీస్ అయింది. ఇంత పేరొచ్చిన నవలే అయినా, చదివినవాళ్లలో కొందరు రాత్రంతా నిద్రపట్టలేదంటే, కొందరు ‘నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే నవలే లేదు కదా’ అని విసుక్కుంటారు. ఈ రెండు వర్గాలనీ ఊరికే ఎదురెదురుగా కూర్చోబెడితే పది నిమిషాల్లో అది ‘నీకు సున్నితత్వం లేదు’, ‘నీకు ఓపిక ఎక్కువ’ దాకా వెళ్తుంది. ఎవరు ఏ పేజీ గురించి మాట్లాడుతున్నారో తేలకపోవడమే అందుకు కారణం. చర్చ నడిపేవాళ్ల పనల్లా ప్రతి అభిప్రాయాన్నీ ఒక సన్నివేశం దగ్గరికి తీసుకురావడం. (కింద కథంతా, ముగింపుతో సహా చెప్పేశాం. చదవనివాళ్లు ముందు నవల చదవండి.)

ముందుగా చేసుకోవలసినవి

మనుషులు ఎనిమిది నుంచి పది మంది ఉంటే బాగుంటుంది. పన్నెండు దాటితే రెండు జట్లు చేయండి, లేకపోతే గొంతు పెద్దగా ఉన్నవాళ్లే మాట్లాడతారు. సమయం రెండు గంటలు. నవల మూడు వందల పేజీల లోపే కాబట్టి చదవడానికి మూడు వారాలు చాలు. ముగింపు మీదే పెద్ద తగువు ఉంది గనక పూర్తిగా చదివినవాళ్లే రావాలని ముందే చెప్పండి.

పేజీ నంబర్లతో పని పెట్టుకోవద్దు. ఒకరి దగ్గర పేపర్‌బ్యాక్, ఇంకొకరి దగ్గర కిండిల్ ఉంటుంది, వెతుక్కోవడంతోనే పుణ్యకాలం గడిచిపోతుంది. ఈ నవలలో అధ్యాయాలకి పేర్లు బదులు కాలం ఉంటుంది: ‘మూడు వారాల తర్వాత’, ‘నాలుగు నెలల తర్వాత’, ఒకచోట ‘ఐదు నిమిషాల తర్వాత’, ఆ పక్కనే నెల, సంవత్సరం. ఆ నెలతోనే అధ్యాయాన్ని పిలవండి.

ఒక పెద్ద చార్టు మీద 2011 జనవరి నుంచి 2015 ఫిబ్రవరి దాకా గీత గీసి గోడకి అంటించండి. గీతకి పైన కానెల్ ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు. కింద మేరియాన్ ఎక్కడుంది, ఎవరితో ఉంది. ఇది అలంకారానికి కాదు. ఈ నవలలో ముఖ్యమైనవి చాలావరకు రెండు అధ్యాయాల మధ్య ఖాళీలో జరిగిపోతాయి, తర్వాత గుర్తు చేసుకోవడంగా మనకి తెలుస్తాయి. ‘ఉన్నట్టుండి విడిపోయారేంటి’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు వేలు పెట్టి చూపించడానికి ఈ గీత కావాలి.

ఇంకో రెండు పనులున్నాయి. ఇంట్లో హింస, ఒక స్నేహితుడి ఆత్మహత్య, డిప్రెషన్ కథలో ఉన్నాయని ఆహ్వానంలోనే రాయండి. అలాగే సీరీస్ చూసినవాళ్లెవరో మొదట్లోనే అడగండి. తెర మీద నటుల ముఖాలు చూసి ఏర్పడిన జాలి, పుస్తకంలో వాక్యాలు చదివి కలిగిన జాలి ఒకటి కాదు. చూసినవాళ్లు ‘ఇది పుస్తకంలో ఉందా, సీరీస్‌లోనా’ అని తమని తాము ప్రశ్నించుకుని మాట్లాడితే సగం గందరగోళం తగ్గుతుంది.

మొదటి అరగంట

‘నచ్చిందా?’ అని అడగొద్దు. అవును, కాదు అని చెప్పేశాక మనిషి ఆ మాటకే కట్టుబడి వాదిస్తాడు. ‘ఎక్కడ పుస్తకం మూసేయాలనిపించింది? ఎక్కడ మూయలేకపోయారు?’ అని అడగండి. ఒక్కొక్కరికి రెండేసి నిమిషాలు. మధ్యలో ఎవరూ జవాబు చెప్పకూడదు. చెప్పినదాన్ని ఒక్క లైనుగా వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాయండి.

రాసినవాటిని మూడు వరసలుగా విడదీయండి: పాత్రల ప్రవర్తన మీద కోపం, రాసిన తీరు మీద ఇష్టాయిష్టాలు, ‘ఇలాంటి పుస్తకం అనుకోలేదు’ అనే నిరాశ. ఒక వరసలోవాళ్లు రెండో వరసలోవాళ్లకి జవాబు చెప్పడం మొదలుపెట్టగానే ఆపండి.

అద్దె సన్నివేశం: దీనికి నలభై నిమిషాలు ఇవ్వండి

తగువంతా ఇక్కడే ఉంది. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఇద్దరికీ మొదటి సంవత్సరం అయిపోతోంది. కానెల్ పనిచేసే రెస్టారెంట్‌లో గంటలు తగ్గించేశారు. డబ్లిన్‌లో అద్దె కట్టలేడు. మేరియాన్ ఫ్లాట్‌లో ఉండొచ్చా అని అడగడానికి నోరు రాదు. ఊరికి వెళ్లిపోతున్నానంటాడు, నువ్వు ఇంకెవరితోనైనా ఉండాలనుకుంటావేమో అన్నట్టు మాట జారుతుంది. ఆమె సరేనంటుంది. అతను తనని వద్దనుకున్నాడని ఆమె, ఆమే ఉండమనలేదని అతను. ఈ ముడి విడడానికి చాలా నెలలు పడుతుంది.

‘2012 జూలై’ అధ్యాయం మేరియాన్ వైపు నుంచి, ‘2012 సెప్టెంబర్’ కానెల్ వైపు నుంచి నడుస్తాయి. జట్టుని రెండుగా చేసి ఒక సగానికి ఒక్కటే అధ్యాయం ఇవ్వండి. పదిహేను నిమిషాలు మళ్లీ చదివి, తమ పాత్రకి ఆ రోజు ఏమేం తెలుసో, ఏం తెలియదో మాత్రమే కాగితం మీద రాయాలి. తప్పెవరిదో రాయకూడదు. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి.

ఇలా చేశాక కూడా ‘ఒక్క మాట అడిగుండాల్సింది’ అనేవాళ్లు అంటారు. అననివ్వండి, అది న్యాయమైన మాటే. కానీ ఇప్పుడు ఇంకో ప్రశ్న వేయొచ్చు: అడగకపోవడానికి నవల చూపించిన కారణం సరిపోతుందా? కానెల్ తల్లి లొరేన్ మేరియాన్ వాళ్లింట్లో ఇల్లు శుభ్రం చేసే పని చేస్తుంది. కథ మొదలయ్యేది ఆ గుమ్మం దగ్గరే, అమ్మని తీసుకెళ్లడానికి అతను వచ్చినప్పుడు. పనిమనిషి కొడుకు ఆ ఇంటి అమ్మాయిని ‘నీ దగ్గర ఉండనిస్తావా’ అని అడగడం ఎంత బరువో తెలుగు పాఠకులకి విడమర్చి చెప్పక్కర్లేదు, ఇంట్లో పనివాళ్లకి వేరే గ్లాసు పెట్టడం చూసిన సమాజం మనది. ఈ కోణం ఎత్తగానే చర్చ చిక్కబడుతుంది. అలాగని మన కుల వ్యవస్థని తీసుకెళ్లి వాళ్ల సొంతూరికి, ఐర్లండ్‌లోని స్లైగో జిల్లా పల్లెటూరికి, అతికించేయొద్దు. అక్కడి తేడా డబ్బుది, అది పెట్టే మొహమాటానిది. డబ్లిన్‌లో చదువుకుని వచ్చినవాళ్లెవరైనా ఉంటే అద్దెల సంగతి వాళ్ల చేత చెప్పించండి.

మా ఉద్దేశంలో కారణం సరిపోతుంది. అయితే ఇలా మేరియాన్‌ని దూరం పెట్టడం కానెల్ అంతకుముందు స్కూల్లో కూడా చేశాడు కదా, అక్కడ డబ్బు అడ్డం రాలేదు కదా అనేవాళ్ల వాదన బలమైనది. స్కూలు చివర్లో జరిగే డ్యాన్సుకి మేరియాన్‌ని కాదని ఇంకో అమ్మాయిని పిలిచాడు, స్నేహితులు ఏమనుకుంటారోనన్న భయంతో. ఆ సంగతి తెలిసి లొరేన్ కొడుకు కారు ఆపించి దిగిపోయి బస్సులో ఇంటికి వెళ్తుంది. కానెల్‌ని వెనకేసుకొచ్చేవాళ్లకి ఈ సన్నివేశం గుర్తు చేయండి. అతని మీద మండిపడేవాళ్లకి 2012 సెప్టెంబర్ గుర్తు చేయండి.

కొటేషన్లు లేని సంభాషణ

రూనీ మాటలకి కొటేషన్ గుర్తులు పెట్టదు. ‘ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు’ అనేవాళ్లు, ‘మనసులోపల ఉన్నట్టుంది’ అనేవాళ్లు ఇద్దరూ ఉంటారు. దీన్ని వాదనతో తేల్చలేం. ఒక పేజీ సంభాషణని ఇద్దరు పాత్రలు పంచుకుని, వర్ణన ఇంకొకరు తీసుకుని, పైకి చదవండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ గీత పెట్టుకోండి. పైకి అన్న మాటా లోపల అనుకున్న మాటా కలిసిపోయే చోట్లు దొరుకుతాయి. ఐదు నిమిషాల పని.

‘ఇది ప్రేమ నవలేనా?’

చివర్లో కానెల్‌కి న్యూయార్క్‌లో రచన చదువుకునే అవకాశం వస్తుంది, మేరియాన్ వెళ్లమంటుంది. కలిశారా, విడిపోయారా అన్నది తేలకుండానే నవల ఆగిపోతుంది. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం నిర్వచనం ప్రకారం రొమాన్స్‌కి రెండు కావాలి: కథకి కేంద్రంగా ప్రేమ, తృప్తినిచ్చే ఆశాజనకమైన ముగింపు. రొమాన్స్ ఇష్టంగా చదివేవాళ్లు ఇక్కడ మోసపోయినట్టు అనుకోవడంలో తప్పేమీ లేదు, వాళ్లది అభిరుచి లోపం అన్నట్టు మాట్లాడనివ్వొద్దు. పుస్తకం తీసుకునే ముందు ఏం అనుకున్నారో ఒక్కొక్కరినీ అడిగితే ఈ వరస త్వరగా తేలిపోతుంది.

మేరియాన్ గురించి జాగ్రత్త

తండ్రి కొట్టేవాడు, అన్న హింసిస్తాడు, తల్లి చూస్తూ ఊరుకుంటుంది. పెద్దయ్యాక ఆమె తనని నొప్పించే మనుషుల్ని కోరుకుంటుంది. ఆ హింస వల్లే ఈ కోరిక అని నవల తేలిగ్గా ముడిపెట్టిందని కొందరికి అభ్యంతరం. ఇది తీసిపారేసేది కాదు. ఈ భాగాన్ని పాత్ర చుట్టూనే ఉంచండి, ‘మీకెప్పుడైనా ఇలా’ అనే ప్రశ్న ఎవరినీ అడగకూడదు. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు, చెప్పకపోతే దాన్ని మౌనంగా వదిలేయండి. సభ తర్వాత ఎవరైనా కదిలిపోయి కనిపిస్తే విడిగా పలకరించండి.

చర్చ చెడిపోయే చోట్లు

నచ్చనివాళ్లు ఒక్కరే ఉంటే అందరూ కలిసి వాళ్లని ఒప్పించడానికి దిగుతారు. అప్పుడు చర్చ నడిపేవాళ్లు ఆ ఒక్కరి పక్షాన ఒక ఆధారం వెతికి ఇవ్వాలి. ‘నేనైతే ఇలా చేసేదాన్ని’ అనే మాటలు మూడు దాటితే బోర్డు మీది ప్రశ్నకి తిరిగి రండి. చర్చకి ముందు ఎన్ని స్టార్లు ఇస్తారో చెప్పించకండి, నంబరు చెప్పాక దాన్ని సమర్థించుకోవడమే పనవుతుంది.

ఆఖరి పావుగంటలో మొదటి ప్రశ్నలే మళ్లీ అడిగి, బోర్డు మీద తమ లైను ఎవరైనా మార్చుకుంటారేమో చూడండి. మార్చకపోయినా సరే, ఏ అధ్యాయం ఆధారంగా అంటున్నారో ఆ నెల, సంవత్సరం పక్కన రాయించండి. చార్టునీ బోర్డునీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, రాలేకపోయినవాళ్లు దాన్ని చూసే తమ మాట కలపొచ్చు.