నీళ్లలోకి దిగే ముందు – 3వ పాఠం: వేడర్లు కొనడం, కాపాడుకోవడం

గత పాఠంలో విసురు వల అంచున సీసపు గుండ్లు ఎంత బరువు ఉండాలో చూశాం. వల ఎంత చక్కగా పరుచుకున్నా, పుష్యమాసపు తెల్లవారుజామున బాహుదా నది నీటిలో గంటసేపు నిలబడితే మోకాళ్లు కొయ్యబారిపోతాయి. అందుకే ఈ పాఠం వేడర్ల గురించి. బూట్లతో కలిసి ఛాతీ దాకా వచ్చే, నీరు చొరని తొడుగు ఇది. రొయ్యల చెరువుల్లో పనిచేసినవారు చూసే ఉంటారు.

చలి ఒక్కటే కాదు. చెరువు బురదలో ఇంగిలాయి చేప ముల్లు గుచ్చుకున్నవారిని అడగండి, ఆ బాధ ఎన్ని గంటలు ఉంటుందో చెబుతారు. ఎలుకల మూత్రం కలిసిన నీరు కాలి గాయానికి తగిలితే ఎలుక జ్వరం వస్తుంది. మామూలు గీతల నుంచి, మురికి నీటి నుంచి వేడరు కాపాడుతుంది. తోకకు ముల్లుండే టేకు చేప పోటును మాత్రం ఆపలేదు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకలో నడిచేటప్పుడు అడుగెత్తి వేయకుండా పాదాన్ని ఈడుస్తూ నడవండి, కదలిక తెలిసి అదే తప్పుకుంటుంది.

ఇక ఏది కొనాలి? నియోప్రీన్ అనేది 1930లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన కృత్రిమ రబ్బరు. వేడర్లకు వాడే రకంలో సన్నటి గాలి బుడగలు ఉంటాయి, వెచ్చదనమంతా వాటిదే. మంచు పడే దేశాలకు అది వరం. గంజాం ఎండలో పొద్దెక్కేసరికి లోపల చెమటతో తడిసిపోతారు. చెమటను బయటికి పంపే పలుచటి పొర ఉన్నవి హాయిగా ఉంటాయి, కానీ ఖరీదు ఎక్కువ, ముళ్లకు తొందరగా చిరుగుతాయి. బరంపురం, పర్లాకిమిడి వైపు చెరువుల్లో, ఏటి ఒడ్డున పనిచేసేవారికి నా సలహా ఒక్కటే: నైలాను బట్టకు పీవీసీ పూత పూసినది తీసుకోండి. కాస్త బరువైనా ముల్లుకంపకు తట్టుకుంటుంది, ఇంట్లోనే అతుకు వేసుకోవచ్చు.

దుకాణంలో మందం ఒక్కటే చూసి మోసపోకండి. తిరగేసి, రెండు కాళ్లు కలిసే చోట, మోకాళ్ల దగ్గర, బూటు కలిసే చోట అతుకులను వేలితో తడమండి. వేడర్లు ముందు కారేది అక్కడే. అంచు లేచినా, జిగురు ముద్దగా ఉన్నా వదిలేయండి. తరువాత తొడుక్కుని గొంతుక్కూర్చోండి, ఒక పాదం స్టూలు మీద పెట్టండి. గజ్జల్లో బిగిస్తే అక్కడే చిరుగుతుంది. మరీ వదులైతే మడతలు ఒరుసుకుని పూత అరుగుతుంది. బూటులో మేజోడుకు చోటుంటే చాలు, వదులు బూటును బురద పట్టుకుని వదలదు. చెరువు బురదకు లోతైన గాడులున్న రబ్బరు అడుగు కావాలి. నాచు పట్టిన రాళ్ల మీద ఉన్ని అడుగు బాగా పట్టుకుంటుంది గానీ బురదలో జారుతుంది.

నా మొదటి వేడరు ఒక్క చలికాలమే బతికింది. ప్రతిరోజూ మడిచి గోనెసంచిలో కుక్కి రేకుల షెడ్డులో పడేసేవాణ్ని. మోకాళ్ల మడతల్లో పగుళ్లు వచ్చాయి. దుకాణదారుతో గొడవపడ్డాను కూడా. తప్పు నాదేనని తెలియడానికి చాలా కాలం పట్టింది. పీవీసీని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం వేడికి, ఎండకు మెల్లగా పోతుంది, ఆ తరువాత మడత పడ్డచోటల్లా విరుగుతుంది. వేడరుకు నీటిలో కంటే ఇంట్లోనే ఎక్కువ హాని జరుగుతుందని నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది అందుకే.

ఒడ్డుకు రాగానే మంచినీటితో కడగండి. గోపాలపూర్, రుషికుల్య మొగ వైపు వెళ్లినరోజు లోపల కూడా కడగాలి. ఆరిన ఉప్పు బట్టను కోస్తుంది, పట్టీల కొక్కేలను తుప్పు పట్టిస్తుంది. బూట్లలో పాత దినపత్రికలు కుక్కి, తడిసినవి తీసి పొడివి మార్చండి. లోపలి తడి ఆరకపోతే బూజు పడుతుంది. ఆ తరువాత బూట్లు పైకి ఉండేలా తలకిందులుగా నీడన వేలాడదీయండి. పడవ ఇంజను నూనె, కిరోసిన్ తగిలితే రబ్బరు ఉబ్బి చెడుతుంది. మోటారు ఉన్న గదిలో కూడా ఉంచవద్దు, అది తిరిగేటప్పుడు పుట్టే ఓజోను వాయువు రబ్బరును పగలగొడుతుంది.

చిల్లు వెతకడానికి చీకటి గదిలో వేడరు లోపల టార్చిలైటు వెలిగించి, వెలుగు చుక్క కనిపించిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. కనిపించకపోతే సైకిల్ ట్యూబుకు చేసినట్టే: పైఅంచును చుడుతూ గాలిని కాళ్లలోకి నెట్టి, సబ్బునీరు రాసి బుడగల కోసం చూడండి. చిల్లుకు అతుకు వేయడానికి మాత్రం సైకిల్ పంక్చరు పద్ధతి పనికిరాదు. ఆ సొల్యూషన్ రబ్బరుకే, పీవీసీకి అంటుకోదు. నీటి పైపుల జిగురు ఆరాక గట్టిపడి విరుగుతుంది. మెత్తటి పీవీసీ కోసం అమ్మే వినైల్ జిగురే అడిగి తీసుకోండి. ఆ చోటును గరుకు కాగితంతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, అదే రకం ముక్కను మూలలు గుండ్రంగా కత్తిరించి అతికించండి. మూల ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. ఒక రాత్రంతా బరువు కింద ఉంచండి.

చివరగా, నడుముకు బెల్టు లేకుండా ఎప్పుడూ దిగవద్దు. పడిపోతే లోపలికి వచ్చే నీటిని అది చాలావరకు ఆపుతుంది. నిండిన వేడరు మనిషిని అడుక్కి లాగేస్తుందని అంటారు. అది నిజం కాదు, నీటిలో నీటికి బరువు ఉండదు. కష్టమంతా ఒడ్డెక్కేటప్పుడే, ప్రవాహం ఈడ్చేటప్పుడే. కంగారు పడకుండా వెల్లకిలా తిరిగి, కాళ్లు ముందుకు పెట్టి, చేతులతో ఈదుతూ ఒడ్డు పట్టండి.

వచ్చే పాఠం లోపు చేయవలసిన పని: ఒక తోడును ఒడ్డున నిలబెట్టి, నడుము లోతు మించని నిలకడ నీటిలో బెల్టు బిగించుకుని వెల్లకిలా తేలడం మూడుసార్లు సాధన చేయండి. ఆ తరువాత ప్రవాహంలో కర్ర ఊతంతో అడుగులు వేయడం నేర్చుకుందాం.