మాల్కమ్ యంగ్ రిథమ్ గిటార్: తక్కువ ఖర్చుతో ఆ వాయింపు, ఆ టోన్ ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు చర్చి క్వయర్లలోనూ మెలోడీ పార్టీల్లోనూ గిటార్ వాయించే తెలుగు కుర్రాళ్లకు కొదవ లేదు. రాక్ వాయించాలనుకోగానే వాళ్లలో చాలామంది ముందు కొనేది డిస్టార్షన్ పెడల్, అంటే గిటార్ శబ్దాన్ని చిట్లించే పెట్టె. ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్ రిథమ్ కావాలంటే మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

మాల్కమ్ యంగ్ 1953లో గ్లాస్గోలో పుట్టాడు. కుటుంబం ఆస్ట్రేలియాకు వలస వెళ్లాక, 1973లో సిడ్నీలో తమ్ముడు ఆంగస్‌తో కలిసి ఈ ఏసీ/డీసీ బ్యాండ్ పెట్టాడు. 2017లో చనిపోయాడు. వాడింది గ్రెచ్ జెట్ ఫైర్‌బర్డ్ గిటార్. దానికి బ్రిడ్జ్ (స్ట్రింగ్స్ కింది చివర ఆనే భాగం) దగ్గరి పికప్ (స్ట్రింగ్స్ శబ్దాన్ని అందుకునే భాగం) ఒక్కటే ఉంచి మిగతావి పీకించేశాడు. మందపాటి స్ట్రింగ్స్, మార్షల్ యాంప్. గెయిన్, అంటే శబ్దాన్ని చిట్లించే మోతాదు మాత్రం చాలా తక్కువ. పాట వింటే వాయింపు మోటుగా అనిపిస్తుంది గానీ, టోన్ దాదాపు క్లీన్. ఆ మోటుతనమంతా కుడిచేతిది.

మొదటి మెట్టు: గిటార్

బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు తీగచుట్లున్న పికప్) ఉన్న ఎలక్ట్రిక్ ఏదైనా పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ అయినా సరే. కొనేముందు రెండు చూడండి: నెక్ (గిటార్ మెడ) మెలి తిరగకూడదు, ఫ్రెట్లు (దానిమీది లోహపు గీతలు) లోతుగా అరిగి ఉండకూడదు. ఈ రెండూ బాగుచేయించాలంటే గిటార్ ఖరీదును మించిపోతుంది. వాల్యూమ్ నాబ్ గరగరలాడితే భయపడక్కర్లేదు, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. ట్రెమొలో (బ్రిడ్జ్‌ను కదిపే ఏర్పాటు) లేని ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ దొరికితే మంచిది. ట్రెమొలో ఉన్నదే దొరికితే వెనక మూత తీసి, మెటల్ బ్లాక్‌కూ చెక్కకూ మధ్య బిగుతుగా ఒక చెక్కముక్క దిగ్గొట్టండి, బ్రిడ్జ్ కదలదు.

రెండో మెట్టు: స్ట్రింగ్స్, సెటప్

డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. మాల్కమ్ 12 గేజ్ సెట్ (అన్నిటికన్నా సన్న స్ట్రింగ్ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు) వాడేవాడు, అందులో మూడో స్ట్రింగ్ కూడా పైన సన్నతీగ చుట్టు ఉన్నదే. మీరు 9 నుంచి ఒక్కసారిగా 12కు దూకకండి. ముందు 10, చేయి అలవాటయ్యాక 11. చాలామందికి 11 దగ్గర ఆగిపోయినా నష్టం లేదు.

స్ట్రింగ్ మందం పెరిగితే నెక్ ముందుకు వంగుతుంది, స్ట్రింగ్స్ పైకి లేస్తాయి, బార్ కార్డులు (ఒకే వేలితో స్ట్రింగ్స్ అన్నీ అడ్డంగా నొక్కేవి) పట్టేటప్పుడు మణికట్టు నొప్పెడుతుంది. కనిపెట్టే పద్ధతి ఇది: ఆరో స్ట్రింగ్‌ను మొదటి ఫ్రెట్ దగ్గరా పదిహేడో ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టుకుని, ఏడో ఫ్రెట్‌కూ స్ట్రింగ్‌కూ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత, అంటే పావు మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) బిగించాలి. ఒక్కసారికి పావు తిప్పు మించొద్దు. తిప్పాక మళ్లీ ట్యూన్ చేసి, ఓ పూట ఆగి చూడండి. గట్టిగా ఉండి తిరగకపోతే బలవంతం చేయకుండా తెలిసినవాళ్ల చేతికివ్వండి. రాడ్ విరిగితే నెక్ పోయినట్టే.

ట్యూన్ చేస్తుంటే నట్ (నెక్ పైకొసన స్ట్రింగ్స్ కూర్చునే గాళ్ల పట్టీ) దగ్గర 'టిక్కు' మని చప్పుడొచ్చి శ్రుతి ఎగిరి పడుతోందా? మందపు స్ట్రింగ్ గాడిలో ఇరుక్కుంది. మెత్తటి పెన్సిల్ ముల్లు గాడిలో రుద్దితే జారుతుంది. అప్పటికీ ఇరుక్కుంటే గాడి వెడల్పు చేయించాలి.

ఇచ్ఛాపురం, సోంపేట, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి స్ట్రింగ్స్ తొందరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో కిందా పైనా తుడవండి. కవర్ విప్పిన ప్యాకెట్ కొట్టువాడు ఎంత తగ్గించి ఇస్తానన్నా కొనకండి.

మూడో మెట్టు: టోన్

బ్రిడ్జ్ పికప్ ఒక్కటే. యాంప్‌లో గెయిన్ పదికి మూడు, బేస్ నాలుగు, మిడ్ ఏడు, ట్రెబుల్ ఐదు. గిటార్ వాల్యూమ్ ఏడు దగ్గర పెట్టి మొదలెట్టండి. ఇప్పుడు జి కార్డ్ మెల్లగా మీటితే క్లీన్‌గా ఉండాలి. గట్టిగా కొడితే అంచు కాస్త చిట్లాలి, అయినా ఏ స్ట్రింగ్‌కా స్ట్రింగ్ విడిగా వినబడాలి. అలా కాకపోతే గెయిన్ ఇంకా తగ్గించండి. గదిలో ఒంటరిగా వాయిస్తే ఇది పలచగా, చప్పగా అనిపిస్తుంది. డ్రమ్స్, బేస్ కలిశాక దీని బలం తెలుస్తుంది.

చిన్న ప్రాక్టీస్ యాంపుల్లో గెయిన్ చానెల్ సాధారణంగా కీచుగా ఉంటుంది. క్లీన్ చానెల్‌లోనే ఉండి, కావాలంటే ఒక మామూలు ఓవర్‌డ్రైవ్ పెడల్‌కు (డిస్టార్షన్ కన్నా మెత్తగా చిట్లించేది) డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ పెట్టి వాడండి. యాంప్‌ను నేలమీద గోడకు ఆనించి పెడితే బేస్ మరీ దద్దరిల్లుతుంది. కుర్చీమీద పెట్టి, గోడకు మూరెడు దూరం జరపండి.

యాంప్ లేక నేరుగా చర్చి మిక్సర్‌లో పెడితే ధ్వని మొద్దుబారుతుంది. గిటార్ పికప్‌కూ మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కూ ఇంపీడెన్స్ (విద్యుత్ నిరోధం) పొసగదు. మధ్యలో డీఐ బాక్స్, అంటే ఆ తేడాను సరిపెట్టే చిన్న పెట్టె కావాలి. పెడల్ పెట్టి నేరుగా వాయిస్తే తేనెటీగల రొద వస్తుంది. యాంప్ స్పీకరైతే పైస్థాయి కీచును తానే కోసేస్తుంది, మిక్సర్‌కు ఆ పని తెలియదు. క్యాబినెట్ సిమ్యులేటర్ (యాంప్ స్పీకర్ ధ్వనిని అనుకరించేది) ఉంటే సరే, లేకపోతే మిక్సర్‌లో ట్రెబుల్ బాగా దించండి. ఫోన్ యాప్‌తో సాధన చేసేవాళ్లు వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, టైమింగ్ చెడుతుంది.

ఒక జాగ్రత్త. పాత ఇళ్లలో, పందిళ్లలో ఎర్త్ లేని బోర్డులు ఎక్కువ. మైక్‌కు పెదవి తగిలితే జిల్లుమంటే వెంటనే ఆపేయండి, 'చిన్న షాకే కదా' అనొద్దు. యాంప్ మూడో పిన్ను ఎప్పుడూ కోయొద్దు. యాంప్, మిక్సర్ రెండూ సరైన ఎర్త్ ఉన్న ఒకే బోర్డునుంచి తీసుకోవాలి.

నాలుగో మెట్టు: చేతులు

ఆ బ్యాండ్ రికార్డుల్లో రెండు గిటార్లు చాలాసార్లు చెరో చెవిలో వినిపిస్తాయి. ఒక ఇయర్‌ఫోన్ తీసి వినండి. ఓపెన్ కార్డులు (కొన్ని స్ట్రింగ్స్ నొక్కకుండా వదిలేవి) విప్పారి, శుభ్రంగా మోగే పక్క సాధారణంగా మాల్కమ్‌ది.

ముందు జి కార్డ్ సరిచేసుకోండి. ఆరో స్ట్రింగ్ మూడో ఫ్రెట్, ఐదో స్ట్రింగ్‌ను అదే వేలి వారతో మూసెయ్యాలి, నాలుగూ మూడూ ఓపెన్, రెండూ ఒకటీ మూడో ఫ్రెట్. ఐదో స్ట్రింగ్ మోగితే కింది స్థాయిలో స్వరాలు కలగలిసి బురదవుతుంది. మందపాటి పిక్ తీసుకుని, కొస కొంచెమే బయటికి ఉంచి, మణికట్టుతో కిందికి కొట్టండి. మోచేతితో కొడితే పది నిమిషాల్లో భుజం పట్టేస్తుంది.

అసలు కష్టం ఆపడంలో ఉంది. మెట్రోనోమ్ (తాళం క్లిక్ కొట్టే యంత్రం) నిమిషానికి 80 పెట్టి, నాలుగేసి లెక్కపెడుతూ ఒకటి మీద ఎ కార్డ్ కొట్టి, సరిగ్గా రెండు పడగానే ఆపండి. మూడు దాకా పూర్తి నిశ్శబ్దం. మూడు మీద డి, నాలుగు మీద ఆపడం. ఆపేటప్పుడు ఎడమచేతి వేళ్లు స్ట్రింగ్స్ వదలకుండా పట్టు మాత్రం సడలించి, ఖాళీ వేళ్లను అడ్డంగా పరచాలి. అదే క్షణంలో కుడి అరచేతి అంచు బ్రిడ్జ్ దగ్గర పడాలి. ఒక్క వేలే ఆనితే ఐదు, ఏడు, పన్నెండో ఫ్రెట్ల దగ్గర హార్మోనిక్ 'టింగు' మంటుంది, అందుకే కనీసం రెండు వేళ్లు. ఇది కుదిరాక మెట్రోనోమ్‌ను 40కి దించి, ఆ క్లిక్‌ను రెండు, నాలుగు అనుకుని వాయించండి. వేగం మారదు గానీ, తొందరపడే చేయి వెంటనే దొరికిపోతుంది.

పార్టీలో కీబోర్డ్ వాయించేవాడు ఉంటే ఆయన ఎడమచెయ్యి మీ కింది స్ట్రింగ్స్ ఉన్నచోటే పడుతుంది, మీరు ఆపిన ఖాళీలనూ నింపేస్తుంది. ఈ పాటలకు కుడిచేత్తో, పైస్థాయిలోనే వాయించమని రిహార్సల్‌లోనే చెప్పండి. అలా చెప్పకుండా వాల్యూమ్ పెంచుకుంటూ పోతే స్టేజీమీద ఇద్దరి వాయింపూ చెడుతుంది.